చెల్లుపెట్టె

నా వెనకాల వచ్చిన ప్రతివాడికీ నా బండి వెనక రాత కంఠతా వచ్చు. "వెనకాలే ఉండు, వెయ్యేళ్లు ఉండు" అని పసుపు రంగుతో పెద్ద అక్షరాల్లో రాయించాను. దీవెన అని నేనంటాను. బెదిరింపని వాళ్లంటారు. ఏదైతేనేం, రేసు మొదలైంది మొదలు అయిపోయేదాకా తీరిగ్గా చదువుకునే అవకాశం అందరికీ ఇచ్చాను. ఏడో తరగతిలో నన్ను బడి మాన్పించారుగానీ, నేను మాత్రం చాలామందిని కూర్చోబెట్టి చదివించాను.

డ్రైవరు లేని బళ్లు వచ్చి బెజవాడ ఆటోలన్నీ మూలపడ్డాక మొదలయ్యాయి ఈ రేసులు. సవారీలు పోయాయిగానీ మా చేతుల్లో దురద పోలేదు. ఊరికి అవతల మూతపడ్డ సిమెంటు ఫ్యాక్టరీ స్థలంలో గుండ్రంగా రోడ్డు వేసి, మలుపుల దగ్గర ఊక బస్తాలు పేర్చి, కరెంటు మోటార్లు బిగించిన ఆటోలు తోలుకున్నాం. జనం విరగబడి వచ్చారు. ఎక్కినప్పుడు మీటరు చూసి తిట్టినవాళ్లే, ఇప్పుడు టిక్కెట్టు కొనుక్కుని మరీ తిట్టేవాళ్లు. ఎక్కువగా నన్ను.

ఎందుకంటే నేను దారి ఇవ్వను. ముందున్నవాడు తన దారి కాచుకోడానికి ఒక్కసారి పక్కకి జరగొచ్చని సంఘం రూలు. రెండోసారి జరిగితే, అందులోనూ వెనకవాడు బ్రేకు తొక్కే చోట జరిగితే, అది నేరం. వెనకవాడు నాకు గుద్దుకోవాలి, లేకపోతే ఊక బస్తాల్లోకి పోవాలి. చాలామంది మర్యాదస్తులు ఊకలోకే పోయేవాళ్లు.

ఈ నేరానికి ఏం శిక్ష వెయ్యాలన్నదే మా సంఘంలో పెద్ద గొడవ. మొదట్లో టైము కోసేవాళ్లు. కోసినా గెలిచేంత దూరంలో ఉంటే కోతకి ఏం విలువ? తర్వాత రేసుకి రావద్దనేవాళ్లు. నేను రాకపోతే జనం ఎవర్ని తిడతారు? వాళ్లూ రావడం మానేశారు. అప్పుడొచ్చింది భారతి మేడం. మెదడు డాక్టరు. చేతిలో బియ్యం డబ్బా అంత పెట్టె, దానికి రెండు హెల్మెట్లు, ఒళ్లంతా తీగలు.

"భయపడినప్పుడు తలలో ఒక మూల మెరుస్తుంది," అందావిడ. "ఆ మెరుపుని హెల్మెట్ పట్టుకుంటుంది. నేరం చేసినవాడి తలలోకి అంతే మెరుపు పంపిస్తాం. ఎంత భయపెట్టాడో అంతే భయపడతాడు. ఆవగింజంత ఎక్కువ ఉండదు, తక్కువ ఉండదు."

"చెల్లుకు చెల్లు అన్నమాట," అన్నారు మా తీర్పరి సూర్యప్రకాశంగారు. ఆయన రిటైరైన బ్రేకు ఇన్‌స్పెక్టరు. పంచాయతీ మనిషి. దెబ్బతిన్నవాడు ఎదురుగా ఉంటేగానీ అది తీర్పు కాదని ఆయన పట్టు. అందుకని రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించారు. ఇటు నేరస్తుడు, అటు దెబ్బతిన్నవాడు. ఇద్దరి తలలకీ హెల్మెట్లు, మధ్యలో చెల్లుపెట్టె. ఇంకెవడూ దొంగతనంగా తెరవకుండా, సూర్యప్రకాశంగారు రేసు రోజున నేరమని తీర్పు చెప్పి తన వేలు ఆనిస్తేనే పనిచేసేలా దానికి తాళం.

అందరూ నా వైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక? నా వెనక వచ్చేవాళ్లంతా ఆటోనగర్‌లో పుట్టి లారీల కింద పాకినవాళ్లు. నేను అడ్డం జరిగితే వాళ్లకి కోపం వస్తుంది, బూతులొస్తాయి. భయం ఎక్కడిది? కోపానికి ఆ పెట్టెలో తీగ లేదు. ఆ కుర్చీ నాకు మంగలి కుర్చీతో సమానం. వెనక్కి వాలి టీ తాగేవాణ్ణి. "అయిపోయిందా మేడం? ఇంకాస్త ఉండమంటారా?" అనేవాణ్ణి. ఎదురుగా కూర్చున్నవాడు పళ్లు నూరుకునేవాడు.

అలా సాగిపోతుండగా ఒకరోజు తణుకు నుంచి గుడ్ల వ్యాపారి బుల్లెబ్బాయి మా ఇంటికొచ్చాడు. అతనికీ ఓ జట్టుంది. ఏనాడూ గెలవలేదు. నన్ను అడగడానికొచ్చాడనుకుని లుంగీ సర్దుకుని కూర్చున్నాను.

"తమరు కాదండి," అన్నాడు చేతులు కట్టుకుని. "తమరి బావమరిదిగారండి."

పోతురాజు! నా భార్య శేషారత్నం తమ్ముడు. వాడికా పేరు పెట్టినవాళ్లకి నిజంగా దణ్ణం పెట్టాలి. వాడికి బల్లి భయం, కుక్కరు కూత భయం, ట్రాన్స్‌ఫార్మరు భయం, బ్యాండుమేళం భయం, మీసాలున్న డాక్టర్లంటే భయం. వాడూ ఒకప్పుడు ఆటో తోలాడు. వాడి ఆటో ఎక్కినవాళ్లు సగం దారిలో దిగి నడిచి ముందు చేరేవాళ్లు.

"వాడు గెలుస్తాడా మీ మొహం?" అన్నాను.

"ఆయ్, గెలిచేవాడు మాకెందుకండి? భయపడేవాడు కావాలండి. తమరు మామూలుగానే అడ్డమొస్తారు కదండి. మీవాడంత నిఖార్సయిన సరుకు గోదావరి జిల్లాలన్నీ గాలించినా దొరకలేదండి."

"నేను రానక్కా, బావ చంపేస్తాడు," అన్నాడు పోతురాజు తలుపు వెనకనుంచి.

"ఇన్నాళ్లకి నీ భయానికి ఓ గిరాకీ వచ్చింది, నోర్మూసుకుని వెళ్లు," అంది శేషారత్నం.

రేసు రోజు వాణ్ణి పట్టించుకోనేలేదు. కానీ ముందున్న బళ్లు ఒకదాన్నొకటి రాసుకుని ఆగిపోవడంతో, వాడు తన ప్రమేయం లేకుండా నా వెనక తేలాడు. ఫ్యాక్టరీ పొగగొట్టం పక్కనుండే చిమ్నీ మలుపు దగ్గర మర్యాదగా హారన్ కొట్టాడు. రేసులో హారన్! నేను ఎడమకి జరిగాను. పాపం, బావ దారి ఇచ్చాడనుకుని కుడికొచ్చాడు. వాడు బ్రేకు తొక్కే చోట నేనూ కుడికి జరిగాను. అలవాటు, ఏం చెయ్యను?

వాడి కేక నా హెల్మెట్ దాటి పళ్లలోకి దిగింది. ఊక బస్తాలు పేలి చిమ్నీ అంత ఎత్తు లేచాయి. వాడికి గీత కూడా పడలేదు. కానీ తలకి హెల్మెట్ పెట్టగానే పెట్టె మీద భయం కొలిచే ముల్లు చివరంటా పోయి వణుకుతూ నిలబడింది.

టీ గ్లాసు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. "ఇంత బరువు ఇదెప్పుడూ మోయలేదు," అంది భారతి మేడం సందేహంగా. "కానివ్వండి," అన్నాను.

నా బండి వెనకనుంచి ఎలా ఉంటుందో అంతవరకూ నేను చూడలేదు. చూశాను. పసుపు అక్షరాలు పెరుగుతున్నాయి. "వెయ్యేళ్లు" అన్న మాట ఇంటి గోడంత అయింది. అది నా మీదికే వస్తోంది. తోలేవాడు వెనక్కి తిరిగి చూడడు. వాడికి నేను లేను. వాడు నేనే. నాకేం చెయ్యాలో తెలీలేదు, హారన్ కొట్టాను. నిజంగానే కుర్చీలో కూర్చుని నోటితో "పాం పాం" అన్నానట. టీ అంతా నా ఒళ్లోనే ఒలికింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నాకొచ్చిన మొదటి చప్పట్లు అవే.

ఒక గంటలో పోతుందన్నారు. పోలేదు.

మర్నాడు పొద్దున్న శేషారత్నం పప్పు పెట్టింది. కుక్కరు కూసింది. కళ్లు తెరిచేసరికి నేను మంచం కింద ఉన్నాను. గోడ మీద బల్లి నన్నే చూస్తోంది.

"ఏవండీ, అక్కడేం వెతుకుతున్నారు?"

"బల్లి... ఆ బల్లిని తోలవే!"

పోతురాజు వచ్చి బల్లిని తోకతో పట్టుకుని నా ముక్కు ముందు ఊపాడు. "చూడు బావా, కళ్లు ఎంత బాగున్నాయో! ఇన్నేళ్లూ దీనికా భయపడ్డాను?"

మొదట్లో శేషారత్నం మురిసిపోయింది. తమ్ముడు మొగాడయ్యాడని వీధంతా చెప్పుకుంది. నేను ట్రాన్స్‌ఫార్మరు తప్పించుకోడానికి నాలుగు సందులు చుట్టి కూరలు తెస్తుంటే, "నడక మంచిదేలెండి," అంది. కానీ ఆ మురిపెం ఎక్కువ రోజులు నిలవలేదు. వాడు ఫోను చూసుకుంటూ హైవే దాటాడు. లారీ వాడు బ్రేకు తొక్కి ఏడుస్తుంటే, "ఎందుకన్నా ఏడుస్తావు?" అని ఓదార్చాడు. గాలిపటం చిక్కుకుందని ట్రాన్స్‌ఫార్మరు ఎక్కబోతే వీధిలోవాళ్లు కాళ్లు పట్టుకుని లాగారు. బండి అద్దాలు రెండూ పీకేశాడు. "వెనకాల ఏముంటే నాకెందుకక్కా?" అన్నాడు. చిమ్నీ మలుపులో బ్రేకు తొక్కడం మానేసి రెండు చక్రాల మీద తిప్పాడు. గెలిచాడు. మళ్లీ గెలిచాడు. జనం వాణ్ణి భుజాలకెత్తుకున్నారు. బుల్లెబ్బాయి ఆనందానికి హద్దుల్లేవు. సీజను అవ్వగానే పాడేరు ఘాట్‌రోడ్డు మీద పందాలకి తీసుకెళ్తానన్నాడు.

ఆ రోజు శేషారత్నం అన్నం వండలేదు. "ఘాట్‌రోడ్డు ఎక్కితే నా తమ్ముడు దిగడు," అంది. "మీ వల్లేగా ఇదంతా? నా తమ్ముణ్ణి ఎలా ఉన్నవాణ్ణి అలా నాకు తెచ్చివ్వండి."

"పిరికివాణ్ణి కావాలంటావా?"

"బతికున్నవాడు కావాలంటాను."

ఇద్దరం భారతి మేడం దగ్గరికి వెళ్లాం. ఫ్యాక్టరీ పాత టైమాఫీసు గదే ఆవిడ ప్రయోగశాల. నన్ను పరీక్ష చేసి, పోతురాజు పాత రీడింగులు తీసి చూసి, తల పట్టుకుని కూర్చుంది.

"నేను భయానికి నకలు తీస్తున్నాననుకున్నాను నాంచారయ్యగారూ. తీసింది అసలే. ఇదివరకు చారెడు చారెడు పోయేది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఈసారి వాగు మొత్తం వచ్చింది."

రెండు గ్లాసులు పెట్టి, ఒకదాన్నిండా మజ్జిగ పోసి, మధ్యలో సన్నని గొట్టం వేసి చూపించింది. నిండు గ్లాసులోంచి ఖాళీ గ్లాసులోకి మజ్జిగ దానంతటదే పోయింది. రెండూ సమానమయ్యాక ఆగింది.

"కుర్చీల్లో ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తీగ కలిపాం కదా. ఎవరు నేరస్తుడో తీగకేం తెలుసు? నిండుగా ఉన్నచోటి నుంచి ఖాళీగా ఉన్నచోటికి పోయింది. మీ తల ఖాళీ..." అని ఆగి, "అంటే, భయం విషయంలో," అంది.

"ఆ ఒక్క విషయంలోనే కాదులెండి," అంది నా భార్య.

"మరి సమానంగా ఆగలేదేం?" అన్నాను.

"ముల్లు చివరికి పోయింది కాబట్టి పూర్తిగా తోడమని పెట్టెకి నేనే చెప్పాను. తప్పు నాది."

"నీరు పల్లమెరుగు. ఇప్పుడు పల్లం వాడు. తెరవండి మరి!" అన్నాను.

"తాళం సూర్యప్రకాశంగారి వేలిలో ఉంది. రేసులో నేరం జరగాలి. అదీ మీ ఇద్దరి మధ్యే జరగాలి. మిగిలింది ఒక్క రేసు. పోతురాజు మీకు అడ్డం రావాలి."

"అద్దాలే లేనివాడు ఎవరికి అడ్డమొస్తాడు మేడం? వెనక ఎవడో వస్తున్నాడు, దాటిపోతాడు అని గుబులు ఉన్నవాడే అడ్డమొస్తాడు."

ఆ మాట నా నోటినుంచే వచ్చింది. శేషారత్నం నా వైపు తిరిగింది.

"ఓహో. అంటే ఇన్నేళ్లూ మీరు గుబులుతో అడ్డమొచ్చారన్నమాట."

నేను గోడ వైపు చూశాను. అక్కడ కూడా ఓ బల్లి ఉంది. ఎటు చూడాలో తెలియక కళ్లు మూసుకున్నాను.

కాబట్టి అడ్డం పోవాల్సింది నేనే. బ్రేకు తొక్కనివాడికి, పోతురాజు భయమంతా మోస్తున్న నేను! పైగా చివరి రేసులో నేరం చేసినవాడికి ఆ ఏటి పట్టం పోతుందని రూలు. పాయింట్లలో అప్పటికీ నేనే ముందున్నాను. ఆ పట్టం తప్ప నాకు ఈ లోకం ఇచ్చిందేమీ లేదు. దాన్ని ఒక బావమరిది కోసం వదులుకోవడం! మగవాడికి పెళ్లి చేసేటప్పుడు ఇలాంటివేవీ చెప్పరు.

చివరి రేసులో అందరికన్నా ముందు వరసలో నిలబడి, అందరికన్నా వెనక బయల్దేరాను. ఒక్కొక్కడూ నన్ను దాటుతూ వెనక్కి తిరిగి చూశాడు. వాళ్లెవరికీ నా మొహం ముందునుంచి తెలియదు. ఒకడైతే దణ్ణం కూడా పెట్టాడు. పోతురాజు ఒక చుట్టు ముందే పూర్తిచేసి మళ్లీ నా వెనక్కి వచ్చాడు. పాట పాడుతున్నాడు. మోటారు హోరులోంచి కూడా వినబడుతోంది.

చిమ్నీ మలుపు. వాడి వేగం అద్దంలో చూశాను. ఆ వేగంతో తిరగడం రెండు చక్రాలమీద కాదు కదా, రెండు రెక్కలతో కూడా కాదు. నేరుగా చిమ్నీకే పోతాడు.

ఎడమకి జరిగాను. వాడు కుడికొచ్చాడు. నా చేతులు హ్యాండిల్ వదిలేద్దామన్నాయి. నా నోరు "అక్కా" అని అరిచింది. నాకు అక్క లేదు, అది వాడి భయం. అలా అరుస్తూనే కుడికి జరిగాను.

వాడు బ్రేకు తొక్కలేదు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఊపుతూనే గుద్దాడు. నా బండి వాడి బండిని మోసుకుంటూ చిమ్నీ పక్కనుంచి పోయి ఊక బస్తాల్లో దిగబడింది. ఆకాశంలోంచి ఊక చాలాసేపు రాలింది. దాని కిందనుంచి వాడి తల బయటికొచ్చింది.

"భలే ఉంది బావా! మళ్లీ చేద్దామా?"

తీర్పు దగ్గర కొత్త చిక్కొచ్చింది. బుల్లెబ్బాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆయ్, మావాడి ముల్లు కదల్లేదండి. సున్నా అండి. భయమే పుట్టనప్పుడు నేరం ఎక్కడిదండి? ఎంత భయపెడితే అంత శిక్ష అని తమరే అన్నారు కదండి. సున్నాకి సున్నా అండి. పాపం నాంచారయ్యగారిని వదిలెయ్యండి. పట్టం కూడా ఆయనే ఉంచుకోవాలండి."

సూర్యప్రకాశంగారు ఆలోచనలో పడ్డారు. "నిజమే. రూలు ప్రకారం..."

"లేదండీ!" అని అరిచాను. "రెండుసార్లు జరిగాను. బ్రేకు దగ్గర జరిగాను. కావాలనే జరిగాను. శిక్ష వెయ్యండి."

ఆయన కళ్లజోడు తీసి నన్ను పరీక్షగా చూశారు. "నాంచారయ్యా, తలకేమైనా తగిలిందా? పదేళ్లుగా రుజువులు చూపించినా 'నేను కాదు, గాలి' అన్నవాడివి."

జనం కూడా నా మీదే తిరగబడ్డారు. "వదిలెయ్యండి! వదిలెయ్యండి!" అని కేకలు. ఎన్నడూ లేంది, తీరా నాకు శిక్ష కావాల్సి వచ్చినప్పుడు జాలి పుట్టుకొచ్చింది వెధవలకి.

శేషారత్నం తాడు కిందనుంచి దూరి తీర్పరి బల్ల ముందుకొచ్చింది. "అయ్యా, నిద్రపోయేవాడి పీక కోస్తే వాడు భయపడడు. అది నేరం కాదంటారా?"

బుల్లెబ్బాయి కట్టిన చేతులు ఊడాయి. సూర్యప్రకాశంగారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"నేరం చేతిలో ఉంటుంది, ముల్లులో కాదు. ఇన్నాళ్లూ ఈ పెట్టెని చూసి నేనా సంగతే మర్చిపోయాను. నాంచారయ్య నేరం చేశాడు. పట్టం రద్దు. సున్నా శిక్ష అయినా సరే, అమలు జరగాలి. కూర్చో!"

వేలు ఆనించారు. ఎదురు కుర్చీలో పోతురాజు సోడా తాగుతూ కూర్చున్నాడు. భారతి మేడం ఈసారి తోడమని చెప్పలేదు. దాని దారిన దాన్ని వదిలేసింది. నా తలలోంచి ఏదో మెల్లగా ఇంకిపోయినట్టయింది. ముందు బ్యాండుమేళం పోయింది, తర్వాత ట్రాన్స్‌ఫార్మరు పోయింది. అంతవరకూ పెరుగుతూనే ఉన్న ఆ పసుపు అక్షరాలు కాస్త చిన్నవయ్యాయి.

పోతురాజు సోడా గ్లాసు కింద పెట్టేశాడు.

"అక్కా," అన్నాడు. "ఆ హైవే... నేను చూడకుండా దాటానా?" "ఆ చిమ్నీ అంత దగ్గరికి పోయానా?" అన్నాడు. వాడు ఏడుస్తుంటే శేషారత్నం ఊకతోసహా వాణ్ణి దగ్గరికి తీసుకుంది.

"సరుకు పాడైపోయిందండి," అని బుల్లెబ్బాయి తణుకు బయల్దేరాడు.

అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు ఇప్పుడు ఆ భయాన్ని మేమిద్దరం పంచుకున్నాం. ట్రాన్స్‌ఫార్మరు, బ్యాండుమేళం, మీసాల డాక్టర్లు వాడికి. కుక్కరు నాకు. బల్లి ఉమ్మడి. బల్లి కనబడితే ఇద్దరం ఒకే తలుపులోంచి బయటికి రాబోయి ఇరుక్కుంటాం. "ఒక్క పిరికివాడితో వేగేదాన్ని, ఇప్పుడు ఇద్దరు సగం పిరికివాళ్లు," అని శేషారత్నం చీపురుతో వస్తుంది. అన్నం మాత్రం ఇద్దరికీ కడుపునిండా పెడుతోంది.

పంపకంలో ఒక్కటి మాత్రం నేను చూసుకోలేదు. ఎవడైనా నన్ను దాటిపోతాడేమోనన్న నా సొంత గుబులుంది చూశారా, అది కూడా ఆ వరదలో కొట్టుకుపోయింది. ఎక్కడికి పోయిందో కొత్త సీజను మొదటి రేసులో తెలిసింది. పోతురాజు బండికి పెద్ద పెద్ద అద్దాలు వచ్చాయి. వెనక పసుపు అక్షరాలు. నా రాతే! అడగనైనా అడగలేదు. చిమ్నీ మలుపు దగ్గర నేను ఎడమకి వెళ్తే వాడు ఎడమకి జరిగాడు. కుడికి తిరిగాను. బ్రేకు దగ్గర వాడూ కుడికొచ్చాడు. నేను హారన్ కొట్టి ఊకలోకి పోయాను.

ఎదురు కుర్చీలో ఈసారి నేను కూర్చున్నాను. టీ తెప్పించుకున్నాను. సూర్యప్రకాశంగారు వేలు ఆనించారు. పోతురాజు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని, కళ్లు తేలేసి, "పాం పాం" అన్నాడు.

"అమ్మో! ఏంటి బావా ఇది? ఇంత భయమా?"

"నీదేగా," అన్నాను టీ ఊదుకుంటూ. "గుర్తుపట్టలేదా?"